పట్నంలో మీ ఊరు కట్టుకోండి

రాత్రి తొమ్మిదింటికి ఫోన్ మోగుతుంది. "తిన్నవా బిడ్డా?" అంటుంది అమ్మ. "తిన్ననే అమ్మా" అంటారు మీరు. నిజానికి మధ్యాహ్నం తిన్న రెండు సమోసాలు, సాయంత్రం తాగిన ఒక చాయ్ తప్ప కడుపులో ఏమీ ఉండదు. చెబితే అమ్మ నిద్రపోదని చెప్పరు. గొంతులో తేడా ఆమెకూ తెలుస్తుంది. గుచ్చి అడిగితే మీరు ఏడుస్తారేమోనని ఆమె కూడా అడగదు. నాగర్‌కర్నూలు నుంచో, నారాయణఖేడ్ నుంచో, ఆసిఫాబాద్ నుంచో డిగ్రీ చదవడానికి వచ్చి అబిడ్స్, నాంపల్లి, కోఠి చుట్టుపక్కల రూముల్లో, హాస్టళ్లలో ఉంటున్న పిల్లల్లో చాలామందికి ఈ మాటలు కొత్తవి కావు. ఈ అధ్యాయం వాళ్ల కోసం రాస్తున్నాను.

వ్యక్తిత్వ వికాసం అనగానే సంకల్పబలం గుర్తొస్తుంది. పొద్దున్నే అయిదింటికి లేవాలి, లక్ష్యాన్ని కాగితం మీద రాసి గోడకు అంటించాలి, మన మీద మనకు నమ్మకం ఉండాలి. అన్నీ మంచి మాటలే. కానీ పద్దెనిమిదేళ్ల వయసులో, పేరు పెట్టి పిలిచేవాళ్లు ఒక్కరూ లేనిచోట, సగం కడుపుతో పడుకుంటున్న మనిషికి ముందుగా సంకల్పబలం గురించి చెప్పడం అన్యాయం అని నా అభిప్రాయం. ముందు ఏర్పాట్లు కావాలి. వేళకు అన్నం కావాలి. కాలేజీ అయిపోయాక వెళ్లి కూర్చోవడానికి రూమ్ కాకుండా ఇంకో చోటు కావాలి. ఒక రోజు మీరు కనబడకపోతే "ఏమైంది, రాలేదేం?" అని అడిగే మనుషులు నలుగురైనా కావాలి. సొంతూళ్లో ఇవన్నీ మీరు పుట్టకముందే సిద్ధంగా ఉన్నాయి. అందుకే వాటి విలువ అక్కడ ఉన్నన్నాళ్లూ తెలియలేదు. ఇక్కడ ఒక్కొక్కటీ మీరే కట్టుకోవాలి. మొదటి సెమిస్టర్‌లో మీరు చేయవలసిన అసలు పని ఇదే. సిలబస్ దీని తర్వాతే.

ఈ పేటలకు ఈ పని కొత్త కాదు. నిజాం కాలంలో జిల్లాల నుంచి పట్నానికి చదువుకోవడానికి వచ్చే తెలుగు పిల్లలకు ఉండటానికి చోటు, తినడానికి తిండి దొరకడమే పెద్ద సమస్యగా ఉండేది. తర్వాత నగర కొత్వాల్ అయిన రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి పూనికతో 1918లో రెడ్డి హాస్టల్ వెలిసింది. గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టల్ బాధ్యతలు చాలా ఏళ్లు చూశారు. అక్కడి గ్రంథాలయాన్ని పెంచారు. అన్నం, గది, పుస్తకాలు, వాటితోపాటు కనిపెట్టుకుని ఉండే పెద్దవాళ్లు ఒక్కచోటే దొరికాయి. ఒక తరం తెలంగాణ చదువరులు అలాంటి చోట్ల తయారయ్యారు. వాళ్లు మనకన్నా దృఢమైన మనుషులని నేను అనుకోను. వాళ్ల చుట్టూ ఏర్పాటు దృఢంగా ఉంది.

అయితే ఒక మాట చెప్పకుండా ముందుకు పోతే అబద్ధం చెప్పినట్టవుతుంది. ఆ రోజుల్లో ఏ కులం వాళ్లు ఆ కులం పిల్లలకు హాస్టల్ కట్టుకున్నారు. డబ్బూ పలుకుబడీ లేని కులాల పిల్లలకు ఎవరు కడతారు? కోఠి పక్కనే ఉన్న ఇసామియా బజార్‌లో 1910లో భాగ్యరెడ్డివర్మ దళిత పిల్లల కోసం బడి తెరిచింది ఆ ఖాళీని చూసే. ఇవాళ సంక్షేమ హాస్టళ్లు వచ్చాయి కానీ, వాటిలో సీటు దొరకనివాళ్లు, దొరికినా అక్కడ ఇమడలేనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మీరు వాళ్లలో ఒకరైతే లోపం మీలో ఉందనుకోకండి. మీకు దక్కవలసిన ఏర్పాటు మీకు దక్కలేదు, అంతే. దాన్ని ఎలా సమకూర్చుకోవాలో చూద్దాం.

విద్యార్థులు చదువు మధ్యలో ఎందుకు మానేస్తారన్న ప్రశ్న మీద అమెరికన్ పరిశోధకుడు విన్సెంట్ టింటో 1975లో ఒక ప్రసిద్ధ సిద్ధాంతం చెప్పారు. తెలివితేటలు, ఇంటి పరిస్థితి మాత్రమే కారణం కాదనీ, కాలేజీలోని మనుషులతోనూ, అక్కడి చదువుతోనూ బంధం ఏర్పడకపోతే విద్యార్థి మెల్లగా జారిపోతాడనీ దాని సారాంశం. మన దగ్గర ఈ జారిపోవడం ఎలా ఉంటుందో తెలుసా? మొదట పొద్దున మొదటి పీరియడ్ ఎగ్గొడతారు. తర్వాత సోమవారాలు. దసరాకు ఊరికి వెళ్లి వారం ఆలస్యంగా వస్తారు. ఇంటర్నల్స్ పోతాయి, అటెండెన్స్ 75 శాతం కంటే తగ్గుతుంది, కండోనేషన్ ఫీజు కట్టాలంటారు, ఇంట్లో అడగడానికి మొహం చెల్లదు. ఏ ఒక్క రోజూ "నేను చదువు మానేస్తున్నాను" అని ఎవరూ నిర్ణయించుకోరు. అందుకే దీన్ని మొదట్లోనే పట్టుకోవాలి.

అన్నం దగ్గర మొదలుపెట్టండి

ఈ విషయంలో నేను మొండిగా ఉంటాను. మూడు పూటల్లో కనీసం రెండు పూటలు వేళకు అన్నం తినని విద్యార్థికి చదువు గురించి నేను ఏ సలహా ఇచ్చినా అది గాలిమాటే. రూమ్‌లో ఉండేవాళ్లకు బాగా పనికొచ్చే పద్ధతి మీకు తెలిసిందే: బియ్యం ఊరి నుంచి తెచ్చుకుని కుక్కర్‌లో అన్నం వండుకుని, కర్రీ పాయింట్‌లో పప్పు, ఒక కూర కట్టించుకోవడం. కానీ ఒక్కరే ఉంటే ఇది వారం కంటే ఎక్కువ నడవదు. ఒక్కడి కోసం కుక్కర్ కడగబుద్ధి కాదు. ఇద్దరు ముగ్గురు కలిసి, ఒకరు వండటం, ఒకరు కూర తేవడం, ఒకరు గిన్నెలు తోమడం అని పంచుకుంటే నడుస్తుంది. డబ్బు కలిసిరావడం సరే, అంతకంటే పెద్ద లాభం ఇంకోటుంది. రోజుకు ఒక పూటైనా ఇంకో మనిషితో కలిసి కూర్చుని తింటారు. మీరు వారం రోజులుగా సరిగా తినడం లేదని గమనించేది ఆ మనిషే.

చేతిలో డబ్బు అయిపోయే నెలాఖరు రోజుల కోసం ఒక సంగతి గుర్తు పెట్టుకోండి. 2014 మార్చిలో నాంపల్లి సరాయి దగ్గరే జీహెచ్‌ఎంసీ అయిదు రూపాయల భోజనం మొదలైంది. అన్నపూర్ణ పేరుతో నగరమంతా విస్తరించిన ఆ కేంద్రాలు 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లయ్యాయి. అన్నం, సాంబారు, కూర, పచ్చడి పెడతారు. మధ్యాహ్నం ఆ వరుసలో కూలీలతో, ఆటోడ్రైవర్లతో, ఆస్పత్రికి వచ్చిన రోగుల బంధువులతోపాటు పుస్తకాల బ్యాగు వేసుకున్న పిల్లలు కూడా నిలబడతారు. అక్కడ నిలబడటానికి సిగ్గుపడి పస్తులుండే పిల్లలను చూస్తే నాకు బాధేస్తుంది. అది మీలాంటి వాళ్ల కోసం పెట్టిన అన్నం. మీ ఊరి దావతులో బంతిలో కూర్చున్నట్టే కూర్చుని తినండి.

నిద్ర గురించి రెండే మాటలు. పెద్దవాళ్లకు రోజుకు ఏడు గంటలకు తగ్గకుండా నిద్ర కావాలని వైద్యులు చెబుతారు, మీ వయసులో ఇంకాస్త ఎక్కువైనా తప్పులేదు. నలుగురు ఉండే రూమ్‌లో లైటు ఎప్పుడు ఆర్పాలన్నది మొదటి వారంలోనే మాట్లాడుకోండి. మూడో నెలలో మాట్లాడితే అది కొట్లాట అవుతుంది.

కూర్చోవడానికి ఒక చోటు

రూమ్‌లో ఎంతసేపు ఉంటే దిగులు అంత పెరుగుతుంది. కాలేజీ నాలుగింటికి అయిపోతే రాత్రి ఎనిమిది దాకా ఏం చేయాలి? మాల్‌లో తిరగడానికి డబ్బులుండవు. ఫోన్ ఉంటుంది, అది ఎంత సమయాన్నైనా మింగేస్తుంది. ఇక్కడే అబిడ్స్, నాంపల్లి ప్రాంతం మీకు పెద్ద అండ. మైలు, మైలున్నర నడకలో, చేతిలో పైసా లేకుండా గంటలు గడపగలిగే చోట్లు ఇన్ని ఉన్న పేటలు నగరంలో తక్కువ.

1901 సెప్టెంబరు 1న ప్రారంభమైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం సుల్తాన్‌బజార్‌లో ఉంది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు వంటివాళ్లు పూనుకుంటే ఏర్పడిన గ్రంథాలయం అది. ఉర్దూ రాజ్యమేలుతున్న నగరంలో తెలుగు పుస్తకం కోసం, తెలుగు మాట కోసం ఒక చోటు ఉండాలనుకున్నారు వాళ్లు. ఇంకొంచెం ముందుకు పోతే అఫ్జల్‌గంజ్‌లో, మూసీ ఒడ్డున, 1891లో ఆసఫియా లైబ్రరీగా పుట్టిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. అక్కడ పోటీ పరీక్షలకు చదివేవాళ్లు పొద్దున్నే టిఫిన్ బాక్సుతో వచ్చి సాయంత్రం దాకా కదలరు. గ్రూప్స్‌కు చదివే అన్నలు, అక్కలు మీకు పరిచయమయ్యేది ఇలాంటి చోట్లే. ఏ సబ్జెక్టుకు ఏ పుస్తకం సరిపోతుందో, ఏ కోచింగ్‌కు డబ్బులు దండగో వాళ్లకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. ఒక్క సలహా: రోజూ ఒకే వేళకు వెళ్లి, వీలైతే ఒకే మూల కూర్చోండి. పదిహేను రోజులు తిరిగేసరికి పక్క కుర్చీ మనిషి తల ఊపుతాడు. నెల తిరిగేసరికి "చాయ్ తాగొద్దాం పా" అంటాడు. కొత్త ఊళ్లో స్నేహం ఇలాగే మొదలవుతుంది. మాటకారితనం అక్కర్లేదు, రోజూ కనబడితే చాలు. మొహమాటస్తులకు ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు.

పొద్దున పూట నాంపల్లి స్టేషన్ దాటి పబ్లిక్ గార్డెన్స్‌లోకి వెళ్లండి. 1846 నాటి తోట అది. వారానికి నూటయాభై నిమిషాలు చెమట పట్టేలా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అయిదు రోజులకు పంచుకుంటే రోజుకు అరగంట. ఆ తోటలో రెండు చుట్లు తిరిగేసరికి సరిపోతుంది. సాయంత్రాలు తోట పక్కన తెలుగు విశ్వవిద్యాలయం ఆడిటోరియంలో తరచూ పుస్తకావిష్కరణలు, నృత్య ప్రదర్శనలు, సంస్మరణ సభలు జరుగుతుంటాయి. ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. సభ ముందు వరుస పెద్దలతో నిండినా వెనక వరుసలు ఖాళీగానే ఉంటాయి. పేపర్లో పేరు చూసిన కవిని, రచయితను పది అడుగుల దూరంలో వింటారు. తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకున్న పిల్లలు కూడా ఇక్కడికి రాకుండా గైడ్లతోనే మూడేళ్లు గడిపేస్తున్నారంటే అది పెద్ద నష్టం.

ఇక ఆదివారం. ఇంటి మీద బెంగ గట్టిగా పట్టేది ఆ రోజే. మెస్‌లో సాయంత్రం వంట ఉండదు, రూమ్మేట్లు చుట్టాలింటికి పోతారు. అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరిచేది కూడా ఆ రోజే. దుకాణాల షట్టర్లు మూసి ఉంటాయి, వాటి ముందు పట్టాల మీద పుస్తకాలు గుట్టలు పోసి ఉంటాయి. ఒకచోట జేఈఈ మెటీరియల్, దాని పక్కన చందమామ పాత సంచికలు, ఇంకోచోట అట్ట ఊడిన ఇంగ్లీషు నవలలు. "భయ్యా, ఇది ఎంత?" అంటే వాడు పుస్తకం వైపు కాకుండా మీ మొహం వైపు చూసి ధర చెబుతాడు. సగానికి అడగండి, మధ్యలో తెగుతుంది. గుట్టలో వెతికితే తెలుగు అకాడమీ వారి అర్థశాస్త్రమో, రాజనీతిశాస్త్రమో దొరకొచ్చు. లోపలి పేజీలో అంతకుముందు దాన్ని చదివిన విద్యార్థి పేరు, గ్రూపు, సంవత్సరం రాసి ఉంటాయి. ముఖ్యమైన వాక్యాల కింద ఎర్రగీతలు, మార్జిన్‌లో "2 సార్లు వచ్చింది" అని పెన్సిల్ రాత. నాకు తెలిసి పరీక్షకు ఇంతకంటే నమ్మకమైన సాయం లేదు. మీకంటే ముందు ఇదే సబ్జెక్టుతో ఇక్కడే తంటాలు పడి గట్టెక్కిన మనిషి ఒకరు దారి గీసి ఇచ్చినట్టే కదా. ఏమీ కొనకపోయినా సరే, రెండు గంటలు నిలబడి తిరగేయండి. వద్దనేవాళ్లు లేరు.

జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లి నుమాయిష్ ఉంటుంది. ఆ ఎగ్జిబిషన్‌ను 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టింది ఉస్మానియా పట్టభద్రుల సంఘం అని చాలామంది విద్యార్థులకు తెలియదు. రాష్ట్రంలో ఆర్థిక సర్వే చేయాలనుకున్నారు, డబ్బు లేదు, ప్రదర్శన పెట్టి సంపాదిద్దామనుకున్నారు. 1946లో ఇప్పుడున్న మైదానానికి మారింది. దాని రాబడితో ఎగ్జిబిషన్ సొసైటీ నడిపే విద్యాసంస్థల్లో సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ ఆ మైదానం పక్కనే ఉంది. స్టాళ్లలో నెలన్నర పని చేసి సెమిస్టర్ ఖర్చులు సంపాదించుకునే పిల్లలున్నారు. మంచిదే. కానీ ఒప్పుకునే ముందు పరీక్షల టైం టేబుల్ చూసుకోండి. రాత్రి పదకొండు దాకా నిలబడి, పొద్దున పరీక్ష రాయడం ఎవరివల్లా కాదు.

అవమానం జరిగిన రాత్రి

ఈ అధ్యాయంలో ఒక్క భాగమే చదవాలనుకుంటే ఇది చదవండి.

తెలుగు మీడియంలో ఇంటర్ చదివి వచ్చిన పిల్లలకు డిగ్రీ క్లాసులో మొదటి దెబ్బ ఇంగ్లీషుతో తగులుతుంది. లెక్చరర్ లేపి అడుగుతారు, సమాధానం తెలుసు, నోరు పెగలదు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వుతారు. ఆ నవ్వు మూడేళ్లు చెవిలో ఉండిపోతుంది. ఇంకొందరికి యాస దగ్గర, ఇంకొందరికి బట్టల దగ్గర, కులం దగ్గర ఇదే జరుగుతుంది.

1921 నవంబరు 12న కోఠి దగ్గర వివేకవర్ధిని పాఠశాలలో సంఘ సంస్కార సభ జరిగింది. అధ్యక్షుడు స్త్రీవిద్య కోసం జీవితమంతా పనిచేసిన మహర్షి కర్వే. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడినవాళ్లను సభ శ్రద్ధగా విన్నది. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడటానికి లేస్తే గేలి చేశారు. పెద్ద చదువు, మంచి వృత్తి ఉన్న మనిషికే ఆ పరాభవం తప్పలేదు. ఆ సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లి తలుపు వేసుకోవచ్చు. సభలో ఉన్న మిగతా తెలుగువాళ్లు కూడా "మనకెందుకు" అనుకుని పోవచ్చు. అలా చేయలేదు. ఆ రాత్రే టేక్మాల రంగారావు ఇంట్లో కలిశారు. ఆంధ్ర జనసంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు వంటివాళ్లు దాన్ని ఊరూరికీ తీసుకుపోయారు. గ్రంథాలయాలు, బడులు, చివరికి ఆంధ్ర మహాసభ దాకా ఆ రాత్రి నుంచే దారి పడింది.

చరిత్ర పాఠంగా దీన్ని మీరు చదివే ఉంటారు. నేను చూడమంటున్నది వాళ్లు చేసిన పని క్రమాన్ని. అవమానం జరిగిన రోజే, తెల్లారకముందే, అదే అవమానం తమదనుకునే మనుషులతో కూర్చున్నారు. మీరూ అదే చేయండి. క్లాసులో నవ్వారా, ఆ రాత్రి ఒంటరిగా దుప్పటి ముసుగేసుకుని పడుకోకండి. మీలాగే తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు క్లాసులో కనీసం అరడజను మంది ఉంటారు. వాళ్లను పోగేసి వారానికి మూడు రోజులు గంటసేపు కూర్చోండి. రేపటి పాఠాన్ని ముందు తెలుగు అకాడమీ పుస్తకంలో చదివి విషయం పట్టుకోండి, తర్వాత అదే పాఠం ఇంగ్లీషు పుస్తకంలో ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్లు వినాలి. తప్పు పలికితే ఎవరూ నవ్వకూడదన్న ఒక్క నియమం చాలు. క్లాసులో సందేహం తెలుగులోనే అడగండి. "సార్, ఇది తెలుగులో అడగొచ్చా?" అని మర్యాదగా అడిగితే కాదనే మాస్టార్లు చాలా తక్కువ. రెండు సెమిస్టర్లు ఇలా గడిస్తే ఇంగ్లీషులో రాయడం దానంతటదే పట్టుబడుతుంది, మాట్లాడటం కొంచెం ఆలస్యంగా వస్తుంది. కంగారు పడకండి.

ఒక్కరి బాధ నలుగురిది అయితే ఏమవుతుందో ఈమధ్య కూడా చూశాం. 2022 నవంబరులో నిజాం కాలేజీలో డిగ్రీ చదివే అమ్మాయిలు కొత్త హాస్టల్ తమకు కావాలని రోజుల తరబడి బైఠాయించారు. చాలామంది జిల్లాల నుంచి వచ్చినవాళ్లే. బయట హాస్టళ్ల ఖర్చు భరించలేక ఎవరికి వారు రూమ్‌లో దిగులు పడి ఉంటే అది వాళ్ల వాళ్ల ఇంటి సమస్యగానే మిగిలేది. కలిసి కూర్చుంటే ప్రభుత్వం కదిలింది, డిగ్రీ విద్యార్థినులకు హాస్టల్ దక్కింది.

కాగితాలు, డబ్బులు

మనసు గురించిన పుస్తకంలో ఇన్‌కమ్ సర్టిఫికెట్ సంగతేమిటని అనుకోవచ్చు. నా అనుభవంలో విద్యార్థుల నిద్ర చెడగొట్టే వాటిలో ప్రేమల కంటే ఫీజులే ఎక్కువ. కులం, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, బోనఫైడ్ అన్నీ ఒక ఫైల్‌లో పెట్టుకోండి, ఫోటో తీసి ఫోన్‌లో కూడా ఉంచుకోండి. ఈ-పాస్ దరఖాస్తుకు ఆఖరి రోజు దాకా ఆగకండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే అది మీ తప్పు కాదు, మీ నాన్న తప్పు కూడా కాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు విద్యాసంస్థలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులో స్పష్టంగా చెప్పింది. ఆఫీసులో ఎవరైనా ఇవ్వం అంటే నోటితో వాదించకండి, కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. నోటిమాటకు జవాబు చెప్పని ఆఫీసు కాగితానికి జవాబు చెబుతుంది.

శంషాబాద్, చేవెళ్ల, ఇబ్రహీంపట్నం వైపుల నుంచి రోజూ వచ్చిపోయే అమ్మాయిలకు 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకంతో బస్సు ఖర్చు లేకుండా పోయింది. ఆ మిగిలిన డబ్బు చిన్నదేం కాదు. ఇంట్లో వేరే ఖర్చులో కలిసిపోకముందే కొంతైనా మధ్యాహ్న భోజనానికి కేటాయించమని ఇంట్లో గట్టిగా చెప్పండి.

బరువైన రోజులు

కొన్ని దిగుళ్లు అన్నంతో, స్నేహంతో, నడకతో తగ్గవు. రెండు వారాలకు మించి ఏ పనీ చేయబుద్ధి కాకపోయినా, నిద్ర పూర్తిగా చెదిరినా, ఇష్టమైన వాటి మీద కూడా మనసు పోకపోయినా అది జ్వరం లాంటిదే, వైద్యం ఉంది. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగొద్దు, ఆ క్షణమే పక్కనున్న మనిషికి చెప్పండి. 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ హెల్ప్‌లైన్. ఏ వేళలోనైనా చేయొచ్చు, డబ్బు ఖర్చు కాదు, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు ఇప్పుడే మీ ఫోన్‌లో పెట్టుకోండి, మీకు అవసరం లేకపోయినా రూమ్మేట్‌కు కావలసి రావచ్చు. అలాంటి మాట స్నేహితుడి నోట వింటే తిట్టకండి, నీతులు చెప్పకండి. "నాకు చెప్పు, నేనిక్కడే ఉన్న" అనండి. ఆ రాత్రి వాణ్ని వదిలిపెట్టి పోకండి, పొద్దున్నే డాక్టర్ దగ్గరికి మీరే వెంట తీసుకెళ్లండి.

ఫలితాల రోజు గురించి ప్రత్యేకంగా చెబుతాను. నాంపల్లిలోని ఇంటర్మీడియట్ బోర్డు ముందు 2019 ఏప్రిల్‌లో కన్నీళ్లతో నిలబడిన తల్లిదండ్రులను రాష్ట్రమంతా చూసింది. ఆ ఏడాది మార్కుల్లో తప్పులు దొర్లాయి. ఫెయిలైనవాళ్ల పేపర్లు మళ్లీ చూస్తే వెయ్యిమందికి పైగా పాసయ్యారు. మెమో మీద అచ్చయిన అంకె కూడా తప్పు కావచ్చు. నిజమైనా సరే, దానికి సప్లిమెంటరీ ఉంది, రీవాల్యుయేషన్ ఉంది. బ్యాక్‌లాగ్‌లు పెట్టుకుని తర్వాత తీర్చి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు మీ లైబ్రరీ బల్ల దగ్గరే కనిపిస్తారు. ఫలితాలు వచ్చే రోజు ఎవరితో కలిసి చూస్తారో రెండు రోజుల ముందే మాట్లాడి పెట్టుకోండి. ఒక్కరే ఫోన్ పట్టుకుని చూడకండి.

2025 జూలై 25న సుప్రీంకోర్టు విశాఖపట్నంలో చదువుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో దేశమంతటికీ వర్తించేలా పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ కనీసం ఒకరుండాలంది. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతుల్లో కనబడేలా పెట్టాలంది. మీ కాలేజీలో ఆ కౌన్సెలర్ ఎవరు, ఏ గదిలో కూర్చుంటారు? తెలియకపోతే రేపు ఆఫీసులో అడగండి. ఇంకా నియమించలేదంటే క్లాసు ప్రతినిధులు కలిసి ప్రిన్సిపల్‌కు ఒక ఉత్తరం ఇవ్వండి, అందులో ఈ తీర్పు తేదీ రాయండి.

మూడో ఏడాది వాళ్లకు ఒక పని

2011లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు గ్రెగొరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ ఒక ప్రయోగం ఫలితాలు సైన్స్ పత్రికలో ప్రచురించారు. మొదటి సంవత్సరం విద్యార్థులకు సీనియర్ల మాటలు చదవడానికి ఇచ్చారు. "మొదట్లో మాకూ ఇక్కడ ఎవరూ మనవాళ్లు కాదనిపించింది, నెమ్మదిగా పోయింది" అన్నది వాటి సారం. తర్వాత దాని గురించి తమ సొంత మాటల్లో రాయమన్నారు. మొత్తం గంట పని. తెల్లవాళ్లు ఎక్కువగా ఉండే ఒక విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థుల మార్కులు ఆ తర్వాత మూడేళ్లపాటు పెరుగుతూ వచ్చాయి, తెల్లవాళ్లతో ఉన్న తేడా సగానికి తగ్గింది. ఆరోగ్యం కూడా మెరుగ్గా ఉందని వాళ్లే చెప్పారు. దిగులు తమ ఒక్కరికే ఉన్నదనీ, తాము ఇక్కడికి తగని మనుషులమనీ అనుకోవడమే అసలు దెబ్బ. అందరికీ ఉండేదేననీ, పోతుందనీ తెలిస్తే పరిస్థితి మారకపోయినా దాన్ని చూసే చూపు మారుతుంది.

ఇది మన కాలేజీల్లో రేపే చేయొచ్చు. మొదటి ఇంటర్నల్స్ మార్కులు వచ్చిన వారంలో, భోజనాల వేళ ఒక ఖాళీ గది చూసుకోండి. మూడో సంవత్సరం వాళ్లు ముగ్గురు నలుగురు, అందులో ఒకరైనా తెలుగు మీడియం, ఒకరైనా మొదటి సెమిస్టర్‌లో సబ్జెక్టు పోగొట్టుకున్నవాళ్లు ఉండాలి. టాపర్లు అక్కర్లేదు, గొప్పలు అక్కర్లేదు. ఫస్టియర్ పిల్లాడు "అన్నా, ఫస్ట్ సెమ్‌ల నీకెట్లుండె?" అని అడిగితే, "మస్తు కష్టమైంది తమ్మీ. ఇంటికి పోదమని బ్యాగు గూడ సదిరిన. మా రూమ్మేట్ ఆపిండు" అని ఉన్నదున్నట్టు చెప్పగలిగితే చాలు. అమ్మాయిలకు అక్కలు విడిగా చెబితే మంచిది, కొన్ని సంగతులు అందరి ముందు నోటికి రావు. మొత్తం నలభై నిమిషాలు దాటనివ్వకండి. చివర్లో ఫస్టియర్ పిల్లలతో వచ్చే ఏడాది జూనియర్లకు ఇవ్వడానికి ఒక పేజీ రాయించండి. తెలుగులో రాసినా, ఇంగ్లీషులో రాసినా సరే. ఎన్ఎస్ఎస్ యూనిట్ ఉన్న కాలేజీలో ప్రోగ్రాం ఆఫీసర్‌ను అడిగితే గది, మైకు ఆయనే ఇప్పిస్తారు. లేనిచోట మీ క్లాస్ టీచర్ చేత ప్రిన్సిపల్‌కు ఒక చీటీ రాయించండి. ఆ పేజీలు పారేయకుండా లైబ్రేరియన్‌కు ఇచ్చి, కొత్త అడ్మిషన్లు మొదలయ్యే రోజు ఆఫీసు కౌంటర్ పక్కన బల్ల మీద పెట్టమని చెప్పండి.